స్టార్ పిచర్‌ని ఇచ్చేసి కుర్రాళ్లను తెచ్చుకోవాలా? డెట్రాయిట్‌ను చూసి తేల్చుకుందాం

2025 నవంబరులో బేస్‌బాల్ పిచర్ (బంతి వేసేవాడు) తరిక్ స్కూబల్‌కి వరసగా రెండో ఏడాది అమెరికన్ లీగ్ సై యంగ్ అవార్డు వచ్చింది. ఆ ఏడు లీగ్‌లో మేటి పిచర్ ఇతనే అని ఇచ్చే అవార్డు అది. 31 మ్యాచ్‌ల్లో స్టార్టర్‌గా, అంటే మొదటి బంతి నుంచి వేసే పిచర్‌గా, దిగి 241 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం) తీశాడు, తొమ్మిది ఇన్నింగ్స్‌కి, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కి, సగటున ఇచ్చిన పరుగులు 2.21. ఇలాంటివాడు సొంత జట్టులో ఉంటే పండగే కదా. డెట్రాయిట్ టైగర్స్ అభిమానులు మాత్రం ఆ చలికాలమంతా అతన్ని అమ్మేయాలా, అట్టిపెట్టుకోవాలా అని తగువులాడుకున్నారు. 2026 సీజన్ అయిపోగానే అతను ఫ్రీ ఏజెంట్ మరి. ఎవరు ఎక్కువిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లిపోవచ్చు, బదులుగా టైగర్స్‌కి ఆటగాడెవరూ రారు.

మిషిగన్‌లో నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ వైపు మనవాళ్లు బాగానే ఉన్నారు. క్రికెట్ చూసి పెరిగిన కంటికి బేస్‌బాల్ పట్టుబడటానికి నాలుగు మ్యాచ్‌లు చాలు. బుర్రకెక్కనిది జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకునే ఈ ట్రేడ్ వ్యవహారమే. ఐపీఎల్‌లో ఒకణ్ని వదిలితే వేలంలో డబ్బు పోసి ఇంకొకణ్ని కొంటారు. ఊరూ పేరూ తెలియని పందొమ్మిదేళ్ల కుర్రాళ్లు నలుగురి కోసం బుమ్రాని ఇచ్చేయడం అనే మాటే అక్కడ వినపడదు. అమెరికాలో అది ఏటా జరుగుతుంది, దాని వెనక ఒక లెక్క ఉంది.

ఆ లెక్క ఇది. కుర్రాడిని హైస్కూల్లోనో కాలేజీలోనో డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకునే పద్ధతి) ఎంచుకుని మైనర్ లీగుల్లో, అంటే కింది స్థాయి పోటీల్లో, కొన్నేళ్లు నానబెడతారు. పెద్ద లీగ్‌లోకి వచ్చాక ఆరు పూర్తి సీజన్లు ఆ జట్టు దగ్గరే ఉండాలి. అందులో మొదటి మూడేళ్లూ దాదాపు కనీస జీతమే (2025లో 7,60,000 డాలర్లు). తర్వాత మూడేళ్లు ఆర్బిట్రేషన్, అంటే జీతం మీద పేచీ వస్తే మధ్యవర్తులు తేలుస్తారు. ఆ తర్వాతే స్వేచ్ఛ. కాబట్టి ఒక్క ఏడాది మిగిలిన స్టార్‌ని ఇచ్చి ముగ్గురు కుర్రాళ్లను తెచ్చుకుంటే పద్దెనిమిది ఏళ్ల ఆట చవగ్గా చేతికొచ్చినట్టు. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ ముగ్గురిలో ఇద్దరు పెద్ద లీగ్‌లో నిలబడకపోతే? ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

టైగర్స్ ఈ పదిహేనేళ్లలో అన్ని దారులూ తొక్కేశారు. రెండేళ్లు మిగిలుండగానే అమ్మారు, చివరి రెండు నెలల్లో అమ్మారు, అమ్మకుండా కూర్చుని పోగొట్టుకున్నారు, కోట్లు పోసి అట్టిపెట్టుకున్నారు, ఆ అట్టిపెట్టుకున్నవాణ్నీ తర్వాత అమ్మారు. అందుకే మిగతా జట్ల కథలు అక్కడక్కడ కలుపుతూ ఎక్కువగా వీళ్లనే చూద్దాం.

ఎన్నేళ్లు మిగిలింది అన్నదే మొదటి ప్రశ్న

మైనర్ లీగుల్లో ఆశ రేపే కుర్రాళ్లకి (వాళ్లనే ప్రాస్పెక్ట్‌లు అంటారు) పత్రికలు ఇచ్చే ర్యాంకులు పట్టుకుని వాదించే ముందు ఒకటి చూసుకోవాలి. అమ్మే పిచర్ మీద మనకు ఇంకా ఎన్ని సీజన్ల హక్కు ఉంది? ధర సగం దానితోనే తేలిపోతుంది.

రెండు సీజన్లు మిగిలుండగా అమ్మితే ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు నచ్చే ఉదాహరణ కాన్సస్ సిటీ రాయల్స్. 2010 డిసెంబరులో వాళ్లు జాక్ గ్రెయింకీని మిల్వాకీకి ఇచ్చారు. అంతకు ముందు ఏడాదే సై యంగ్ గెలిచినవాడు. బదులుగా షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) అల్సైడెస్ ఎస్కోబార్, సెంటర్ ఫీల్డర్ లొరెంజో కెయిన్, పిచర్లు జెరెమీ జెఫ్రెస్, జేక్ ఒడొరిజ్జి వచ్చారు. 2014లో అమెరికన్ లీగ్ చాంపియన్‌షిప్ సిరీస్ అత్యుత్తమ ఆటగాడు కెయిన్, 2015లో అదే అవార్డు ఎస్కోబార్‌కి. ఒడొరిజ్జి వల్ల కూడా లాభమే. 2012 డిసెంబరులో అతన్ని మరికొందరితో కలిపి టాంపా బేకి పంపి జేమ్స్ షీల్డ్స్, వేడ్ డేవిస్‌లను తెచ్చుకున్నారు. 2015 వరల్డ్ సిరీస్ ఆఖరి అవుట్ తీసింది ఆ డేవిసే. ఓపిగ్గా చూస్తే గ్రెయింకీ ట్రేడ్ అయిదేళ్ల తర్వాత కప్పు తెచ్చింది. ఆ అయిదేళ్లు ఓర్చుకోగల అభిమానులు ఎంతమంది ఉంటారన్నది వేరే సంగతి.

ఈమధ్య ఉదాహరణ గ్యారెట్ క్రోషే. 2024 డిసెంబరులో చికాగో వైట్ సాక్స్ అతన్ని రెండేళ్ల హక్కుతో బోస్టన్‌కి ఇచ్చి కైల్ టీల్, బ్రేడెన్ మాంట్‌గమరీ, చేస్ మైడ్రాత్, వికెల్మన్ గొన్సాలెస్‌లను తీసుకుంది. ఆ సీజన్‌లో వైట్ సాక్స్ 121 మ్యాచ్‌లు ఓడిపోయిన జట్టు. అలాంటి జట్టుకి అయిదు రోజులకోసారి వచ్చే మేటి పిచర్ ఎందుకు? క్రోషే బోస్టన్‌లో 2025లో 18 గెలిచి, 255 స్ట్రైకౌట్లతో లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచి, సై యంగ్ ఓట్లలో స్కూబల్ తర్వాత రెండోవాడయ్యాడు. అయినా చికాగో తప్పు చేసిందని నేననను. టీల్, మైడ్రాత్ ఇద్దరూ ఆ ఏడాదే పెద్ద లీగ్‌లో ఆడేశారు.

రెండేళ్లు మిగిలుంటే చాలు, లాభం ఖాయం అనుకోవద్దు. పిట్స్‌బర్గ్ 2018 జనవరిలో గెరిట్ కోల్‌ని రెండేళ్ల హక్కుతోనే హ్యూస్టన్‌కి ఇచ్చింది. వచ్చిన నలుగురిలో చెప్పుకోదగ్గవాడు జో మస్‌గ్రోవ్ ఒక్కడే, అతన్నీ మూడేళ్లకి శాన్ డియెగోకి పంపేశారు. కోల్ 2019లో 326 స్ట్రైకౌట్లు తీశాడు.

డెట్రాయిట్ చేసిన ఇలాంటి అమ్మకం 2013 డిసెంబరులో డగ్ ఫిస్టర్‌ది. జట్టు అప్పుడు తన డివిజన్ (లీగ్‌లోని జట్ల గుంపు) గెలుస్తున్న జట్టు, పైగా ఫిస్టర్ మీద రెండేళ్ల హక్కు ఉంది. వాషింగ్టన్ నుంచి వచ్చినవాళ్లలో రాబీ రే అనే ఎడమచేతి కుర్రాడు ఉన్నాడు. ఏడాది తిరగ్గానే రేని ఆరిజోనాకి పంపేశారు. 2021లో టొరాంటో తరఫున అతను సై యంగ్ గెలిచాడు! డెట్రాయిట్‌కి కుర్రాడిని గుర్తుపట్టే కన్ను ఉంది, ఎదిగేదాకా ఆగే ఓపికే లేకపోయింది. జట్టు గెలుస్తున్నప్పుడు ప్రాస్పెక్ట్‌ల కోసం అమ్మితే జరిగేది మామూలుగా ఇదే. ఆ కుర్రాడు ఎదిగే లోపు యజమానికి ఈ ఏడాదే గెలవాలన్న తొందర పుడుతుంది.

ఆఖరి ఏడాది: ప్రైస్ దారి, షర్జర్ దారి

ఈ రెండు కథలూ ఒకే జట్టులో, ఏడాది తేడాతో జరిగాయి. పక్కపక్కన పెట్టి చూడటానికి ఇంతకంటే మంచి జోడీ దొరకదు.

మ్యాక్స్ షర్జర్ 2013లో సై యంగ్ గెలిచాడు. 2014 మార్చిలో టైగర్స్ ఆరేళ్లకి 14.4 కోట్ల డాలర్లు ఇస్తామంటే వద్దన్నాడు. సరే, జట్టు గెలిచే ఊపులో ఉంది కాబట్టి అమ్మకుండా ఆ ఏడంతా ఆడించుకున్నారు. అంతటితో ఆగలేదు, జులైలో డేవిడ్ ప్రైస్‌ని కూడా టాంపా బే నుంచి కొనుక్కొచ్చారు. ఆ అక్టోబరులో బాల్టిమోర్ మీద మూడు మ్యాచ్‌లకీ స్టార్టర్లుగా వరసగా దిగినవాళ్లు షర్జర్, వర్లాండర్, ప్రైస్. ముగ్గురూ సై యంగ్ విజేతలే. మూడు మ్యాచ్‌లూ ఓడిపోయారు. స్టార్ పిచర్ ఉంటే ప్లేఆఫ్స్ మనవే అనేవాళ్లకి ఈ ఒక్క వారం చూపిస్తే చాలు.

జనవరిలో షర్జర్ ఏడేళ్లకి 21 కోట్ల డాలర్లతో వాషింగ్టన్ వెళ్లిపోయాడు. డెట్రాయిట్‌కి దక్కింది నష్టపరిహారంగా ఒక డ్రాఫ్ట్ పిక్. దాంతో 2015లో క్రిస్టిన్ స్టూవర్ట్ అనే అవుట్‌ఫీల్డర్‌ని తీసుకున్నారు. అతను కొన్ని సీజన్లు ఆడి కనుమరుగయ్యాడు. షర్జర్ వాషింగ్టన్‌లో ఇంకో రెండు సై యంగ్‌లు, ఒక వరల్డ్ సిరీస్ గెలిచాడు.

ఆ దెబ్బ తిన్నాక 2015లో ప్రైస్ విషయంలో మనసు మార్చుకున్నారు. జట్టు తడబడుతుండటంతో జులై చివర్లో టొరాంటోకి అమ్మేశారు. డేనియల్ నోరిస్, మ్యాట్ బాయిడ్, హైరో లబోర్ట్ వచ్చారు, ముగ్గురూ ఎడమచేతి పిచర్లే. బాయిడ్, నోరిస్ చాలా ఏళ్లు డెట్రాయిట్‌లో పనికొచ్చారు, స్టార్లు మాత్రం కాలేదు. రెండు నెలల ఆటకి అదే ఎక్కువ అనుకోవాలి. స్టూవర్ట్‌తో పోలిస్తే నయమే కదా.

ఇక్కడ చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది. ప్రైస్‌ని కొన్నప్పుడు డెట్రాయిట్ ఇచ్చినవాళ్లలో విలీ అడామెస్ అనే పద్దెనిమిదేళ్ల షార్ట్‌స్టాప్ ఉన్నాడు. 2024 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కో అతనికి ఏడేళ్లకి 18.2 కోట్ల డాలర్లు ఇచ్చింది. కొన్న ధర, అమ్మిన ధర కలిపి చూస్తే ప్రైస్ వ్యవహారం మొత్తం నష్టమే.

పరిహారం పిక్ రూల్ కూడా తెలుసుకోవాలి, లేకపోతే వాదనలో పప్పులో కాలేస్తారు. వెళ్లిపోబోయే ఆటగాడికి జట్టు ముందు ఒక ఏడాది ఆఫర్ ఇవ్వాలి. 2025 సీజన్ తర్వాత ఆ మొత్తం 2.2 కోట్ల డాలర్ల పైచిలుకు. అతను కాదని వేరే జట్టులో చేరితేనే పిక్ వస్తుంది. అది మొదటి రౌండ్ తర్వాతా, రెండో రౌండ్ తర్వాతా, ఇంకా కిందనా అన్నది జట్టు ఆదాయం, జీతాల ఖర్చు, అతనికి దక్కిన కాంట్రాక్ట్ మీద ఆధారపడుతుంది. సీజన్ మధ్యలో చేతులు మారిన ఆటగాడికి మాత్రం కొన్న జట్టు ఈ ఆఫర్ ఇవ్వడానికి వీల్లేదు. అందుకే జులైలో కొనేవాళ్లు అంత ధర పెట్టరు. వాళ్లకు రెండు నెలల ఆట తప్ప వెనక ఇంకేమీ మిగలదు. చలికాలంలో పలికే ధర జులైలో పలకదన్నది గుర్తుంచుకోండి.

ఆఖరి ఏడాది చలికాలంలో అమ్మడం ఎలా ఉండాలో మిల్వాకీ చూపించింది. 2024 ఫిబ్రవరి 1న కార్బిన్ బర్న్స్‌ని బాల్టిమోర్‌కి ఇచ్చి జోయ్ ఓర్టిజ్, డీఎల్ హాల్, ఒక డ్రాఫ్ట్ పిక్ తీసుకుంది. ఓర్టిజ్ నేరుగా పెద్ద లీగ్‌లో ఆడటానికి సిద్ధంగా ఉన్నవాడు. అతను మూడో బేస్‌లో నిలబడ్డాడు, ఆ ఏడు బర్న్స్ లేకుండానే మిల్వాకీ 93 మ్యాచ్‌లు గెలిచి డివిజన్ తీసుకుంది. బాల్టిమోర్ తరఫున బర్న్స్ ప్లేఆఫ్స్‌లో ఎనిమిది ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగే ఇచ్చాడు. జట్టు 1-0తో ఓడింది. తర్వాత అతను ఆరేళ్లకి 21 కోట్ల డాలర్లతో ఆరిజోనా వెళ్లాడు, 2025 జూన్‌లో మోచేతికి ఆపరేషన్ అయింది. ఈ ట్రేడ్‌లో బాల్టిమోర్‌ని తప్పుపట్టలేం, మిల్వాకీని మాత్రం మెచ్చుకోవాలి. వాళ్లు కలల్ని కొనలేదు. వచ్చే ఏప్రిల్‌లో మైదానంలో నిలబడేవాణ్ని కొన్నారు.

వర్లాండర్: పేరు చూసి మోసపోయిన అమ్మకం

డెట్రాయిట్ అభిమానికి ఇప్పటికీ మానని గాయం ఇది. 2013 మార్చిలో టైగర్స్ జస్టిన్ వర్లాండర్‌కి ఏడేళ్లకి 18 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. కోట్లు పోసి అట్టిపెట్టుకోవడం అంటే అదే. నాలుగేళ్లు గడిచేసరికి జట్టు పడిపోయింది, అతనికి 34 ఏళ్లు. 2017 ఆగస్టు 31 అర్ధరాత్రి గడువు, అతను ఒప్పుకుంటేనే ట్రేడ్ కుదురుతుంది. గడువు క్షణాల్లో ముగుస్తుందనగా హ్యూస్టన్‌కి వెళ్లాడు.

వచ్చినవాళ్లు ముగ్గురు. అందరికంటే పెద్ద పేరు ఫ్రాంక్లిన్ పెరెజ్‌ది, పందొమ్మిదేళ్ల పిచర్. గాయాల మీద గాయాలతో అతను పెద్ద లీగ్‌లో ఒక్క బంతీ వేయలేదు. డాజ్ క్యామెరాన్ కాసేపు ఆడి వెళ్లిపోయాడు. మూడోవాడు జేక్ రాజర్స్, క్యాచర్. అతనొక్కడే నిలిచాడు, 2025లోనూ స్కూబల్ బంతులు పట్టినవాళ్లలో అతను ఉన్నాడు. అటు వర్లాండర్ ఆ ఏడాదే హ్యూస్టన్‌కి మొదటి వరల్డ్ సిరీస్ తెచ్చిపెట్టడంలో ముందున్నాడు, ఆపైన 2019, 2022లలో సై యంగ్‌లు గెలిచాడు. డెట్రాయిట్ 2019లో 114 మ్యాచ్‌లు ఓడింది.

అమ్మడం తప్పా? నా దృష్టిలో అమ్మడం తప్పు కాదు, తీసుకున్న సరుకే తప్పు. మేటి పిచర్‌ని ఇచ్చి ఇంకా మీసాలు రాని పిచర్‌ని తెచ్చుకోవడం అన్నిటికంటే ప్రమాదకరమైన బేరం. పిచర్ల మోచేతులు ఎప్పుడు జవాబిస్తాయో ఎవరూ చెప్పలేరు. క్రిస్ సేల్‌ని 2016 డిసెంబరులో బోస్టన్‌కి ఇచ్చినప్పుడు వైట్ సాక్స్‌కి వచ్చిన మైకేల్ కోపెక్ సంగతీ అంతే. పెద్ద లీగ్‌లోకి అడుగుపెట్టిన నెలకే, 2018 సెప్టెంబరులో, టామీ జాన్ ఆపరేషన్ అయింది. మోచేతిలో తెగిన లిగమెంట్‌ స్థానంలో ఒంట్లో ఇంకో చోటి నుంచి తీసిన టెండన్‌ని (కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాడు లాంటిది) వేసి కుట్టే ఆపరేషన్ అది. ఏడాదికి పైగా పోతుంది. బోస్టన్ ఆ ఏడాదే వరల్డ్ సిరీస్ గెలిచింది, చివరి స్ట్రైకౌట్ సేల్‌దే.

బ్యాట్ పట్టే కుర్రాళ్లు పెద్ద స్టార్లు కాకపోయినా ఏదో ఒక పనికొస్తారు. ఎస్కోబార్, కెయిన్, ఓర్టిజ్, రాజర్స్, టీల్, అందరూ ఫీల్డర్లో క్యాచర్లో అయినవాళ్లే. 2008 జులైలో క్లీవ్‌లాండ్ సీసీ సబాతియాని మిల్వాకీకి ఇచ్చినప్పుడు అందరి కళ్లూ మ్యాట్ లపోర్టా మీదే. అతను నిలబడలేదు. పేరు తర్వాత చెబుతాం అని ఖాళీ వదిలిన నాలుగో ఆటగాడు మైకేల్ బ్రాంట్లీ అయిదుసార్లు ఆల్‌స్టార్ అయ్యాడు. కాబట్టి ప్యాకేజీలో మొదటి పేరు చూసి ఎగిరి గంతేయకండి, మూడో పేరూ నాలుగో పేరూ ఎవరో చూడండి.

మరి అమ్మకుండా కూర్చుంటే?

మైకేల్ ఫుల్మర్ గుర్తున్నాడా? 2016లో అమెరికన్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడు. 2017లో ఆల్‌స్టార్. ఇంకా అయిదేళ్ల హక్కు చేతిలో ఉంది. ఎన్నో జట్లు అడిగాయని ఆ రోజుల్లో జోరుగా రాశారు. టైగర్స్ ఇవ్వలేదు. ఆ తర్వాత మోచెయ్యి, మోకాలు, 2019లో టామీ జాన్. చివరికి 2022 ఆగస్టులో రిలీవర్‌గా, అంటే మ్యాచ్ మధ్యలో వచ్చే పిచర్‌గా, మారిన ఫుల్మర్‌ని మిన్నెసోటాకి ఇచ్చి సాయర్ గిప్సన్-లాంగ్ అనే ఒక్క మైనర్ లీగ్ పిచర్‌ని తెచ్చుకున్నారు. జట్టూ గెలవలేదు, ధరా రాలేదు. రెంటికీ చెడ్డ రేవడి.

ఫుల్మర్ దగ్గర అట్టిపెట్టుకోవడం తప్పయింది, స్కూబల్ దగ్గర అదే ఒప్పయింది. 2024 జులైలో టైగర్స్ ఓడుతున్న జట్టే. ఒప్పందం ఆఖర్లో ఉన్న పిచర్ జాక్ ఫ్లాహెర్టీని లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి ఇచ్చి థైరాన్ లిరాంజో, ట్రే స్వీనీలను తీసుకున్నారు. స్కూబల్‌ని మాత్రం ఎవరడిగినా ఇవ్వలేదు. ఆగస్టు 10న 55-63తో ఉన్న జట్టు అక్కణ్నుంచి 31 గెలిచి 13 మాత్రమే ఓడి, పదేళ్ల తర్వాత ప్లేఆఫ్స్‌లోకి వెళ్లింది. స్వీనీ ఆ ఊపులో షార్ట్‌స్టాప్‌గా ఆడాడు. ఫ్లాహెర్టీ అటు డాడ్జర్స్‌తో వరల్డ్ సిరీస్ గెలిచి, చలికాలంలో ఫ్రీ ఏజెంట్‌గా మళ్లీ డెట్రాయిట్‌కే వచ్చేశాడు. అద్దెకిచ్చిన ఇల్లు అద్దెతో సహా తిరిగొచ్చినట్టయింది. రెండు నెలలే మిగిలినవాణ్ని అమ్మాలి, ఏళ్లు మిగిలి ఫామ్‌లో ఉన్నవాణ్ని ఆపాలి అన్న తేడా ఆ జులైలో బాగా కుదిరింది.

స్కూబల్ దగ్గరికి వస్తే

అమ్మమనేవాళ్ల వాదనలో బలం ఉంది. అతని ఏజెంట్ స్కాట్ బోరాస్, ఆయన ఆటగాళ్లు మామూలుగా మార్కెట్ దాకా వెళ్లే రకం. ధర కూడా వర్లాండర్ రోజులనాటిది కాదు. 2019లోనే గెరిట్ కోల్‌కి న్యూయార్క్ యాంకీస్ తొమ్మిదేళ్లకి 32.4 కోట్ల డాలర్లు ఇచ్చారు. కాబట్టి చవగ్గా ఒప్పందం పొడిగించుకోవచ్చన్న ఆశ పెట్టుకోకూడదు. పైగా స్కూబల్ చేతికి కాలేజీలో ఒకసారి, 2022లో ఒకసారి ఆపరేషన్ అయింది.

అయినా 2025 చలికాలంలో నా ఓటు అట్టిపెట్టుకోవడానికే. టైగర్స్ ఆ ఏడు 87 గెలిచిన జట్టు. జులైలో క్లీవ్‌లాండ్ మీద 15.5 మ్యాచ్‌ల ఆధిక్యం సంపాదించి, దాన్ని కరిగించుకుని డివిజన్ పోగొట్టుకున్నారు, నిజమే. కానీ వైల్డ్ కార్డ్ (డివిజన్ గెలవకపోయినా ప్లేఆఫ్స్‌లో దక్కే చోటు) సిరీస్‌లో అదే క్లీవ్‌లాండ్ మీద స్కూబల్ మొదటి మ్యాచ్‌లో 14 స్ట్రైకౌట్లు తీసి 2-1తో గెలిపించాడు. తర్వాతి రౌండ్‌లో, అక్టోబరు 10న సియాటిల్‌లో, ఆఖరిదైన అయిదో మ్యాచ్ చూసినవాళ్లు మర్చిపోలేరు. ఆరు ఇన్నింగ్స్, 13 స్ట్రైకౌట్లు, అందులో ఏడు వరసగా. ఇచ్చింది ఒక్క పరుగు. ఆరో ఇన్నింగ్స్‌లో కెరీ కార్పెంటర్ హోమ్ రన్‌తో వచ్చిన 2-1 ఆధిక్యాన్ని జట్టు చేతికిచ్చి స్కూబల్ పక్కకి తప్పుకున్నాడు. తర్వాత బ్యాటింగ్ ఎండిపోయింది, పదిహేనో ఇన్నింగ్స్‌లో 3-2తో ఓడారు. ఆ రాత్రి జట్టుకి లేనిది పిచర్ కాదు, ఇంకో రెండు బ్యాట్లు. ఆ బ్యాట్లు సొంత మైనర్ లీగుల్లోనే పండుతున్నాయి, కెవిన్ మెగోనిగల్, మ్యాక్స్ క్లార్క్ ఇద్దరూ అప్పటికే దేశంలో మేటి ప్రాస్పెక్ట్‌ల్లో లెక్క. కుర్రాళ్లు లేని జట్టు కుర్రాళ్ల కోసం స్టార్‌ని అమ్మడం అర్థమవుతుంది. ఇంట్లో కుర్రాళ్లు సిద్ధమవుతుంటే ఇంకా ముగ్గురి కోసం అమ్మడం ఎందుకు?

ఒకే ఒక్క సందర్భంలో మనసు మార్చుకుంటాను. మిల్వాకీకి ఓర్టిజ్ వచ్చినట్టు, అంతకంటే మెరుగ్గా, ఆరేళ్ల హక్కున్న పెద్ద లీగ్ స్టార్టర్ ఒకరు, వచ్చే ఏప్రిల్‌లోనే ఆడగల షార్ట్‌స్టాప్ ఒకరు కలిసి వస్తే అమ్మొచ్చు. ర్యాంకుల్లో పైనున్న ఇద్దరు పంతొమ్మిదేళ్ల పిచర్లు అంటే ఫోన్ పెట్టేయాలి. జులైలో సంగతి వేరు. జట్టు ఆఖరి వైల్డ్ కార్డ్ స్థానానికి ఏడెనిమిది మ్యాచ్‌లు వెనకబడి ఉంటే అమ్మేయాలి, సెంటిమెంట్ వద్దు. రెండు మూడు మ్యాచ్‌ల దూరంలో ఉంటే మాత్రం జులై ధర కోసం అక్టోబరుని ఇచ్చుకోకూడదు.

ఆటగాళ్ల సంఘంతో లీగ్ ఒప్పందం 2026 డిసెంబరు 1తో ముగుస్తుందన్నదీ లెక్కలోకి రావాలి. ఆరేళ్ల రూల్ అలాగే ఉంటుందా, మారుతుందా అన్నది ఆ బేరంలో తేలాలి. అది తేలకముందు కొన్న కుర్రాడి చవక ఏళ్లకి రాసిచ్చిన హామీ ఏదీ లేదు.

మీరు కొనే జట్టు వైపు ఉంటే

అప్పుడు కథ తిరగబడుతుంది, దానికీ డెట్రాయిట్‌లోనే సాక్ష్యం ఉంది. 1987 ఆగస్టు 12న టైగర్స్ అట్లాంటా నుంచి 36 ఏళ్ల డాయల్ అలెగ్జాండర్‌ని తెచ్చుకుని ఇరవై ఏళ్ల మైనర్ లీగ్ పిచర్‌ని ఇచ్చారు. ఆ కుర్రాడు మిషిగన్‌లోనే పెరిగిన జాన్ స్మోల్ట్జ్, తర్వాత హాల్ ఆఫ్ ఫేమర్. బేస్‌బాల్‌లో అతి చెత్త ట్రేడ్‌ల జాబితా ఎవరు రాసినా ఇది ఉంటుంది.

నేనైతే ఆ జాబితాలోంచి తీసేస్తాను. అలెగ్జాండర్ డెట్రాయిట్ తరఫున 11 మ్యాచ్‌లు స్టార్ట్ చేసి 9-0తో (తొమ్మిది గెలుపులు, ఓటమి లేదు), 1.53 సగటుతో నిలిచాడు. డివిజన్ రెండు మ్యాచ్‌ల తేడాతో గెలిచారు. అతను లేకపోతే ఆ రెండు మ్యాచ్‌లు ఎక్కణ్నుంచి వస్తాయి? 2008లో సబాతియా కూడా మిల్వాకీ తరఫున 11-2, 1.65తో ఆడి 26 ఏళ్ల తర్వాత జట్టుని ప్లేఆఫ్స్‌కి చేర్చాడు. బ్రాంట్లీ పోయాడని అక్కడ ఎవరూ ఏడవరు. కొనేవాళ్లు అడగాల్సింది కుర్రాడు స్టార్ అవుతాడా లేదా అని కాదు, ఈ సెప్టెంబరులో మనం ఎన్ని మ్యాచ్‌ల దూరంలో ఉన్నాం అని. దూరం రెండు మ్యాచ్‌లైతే పిచర్‌ని కొనండి. తొమ్మిదైతే ఆ కుర్రాడిని మైనర్ లీగులోనే ఉండనివ్వండి.